భీమవరం అద్దె స్టూడియోలో నాలుగు గంటలు: తెల్ల లేసు ఫొటోలకు పనికొచ్చిందా?

నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో ఇంటిపట్టున లేసు అల్లే ఆడవారి సరుకును ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న వ్యాపారాన్ని మా వదిన, నేను కలిసి నడుపుతున్నాము. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కొనేవారు ధర కంటే ముందు అల్లికను దగ్గరగా చూపించమని అడుగుతారు. అరుగు మీద పరిచి సెల్‌ఫోనుతో తీసిన ఫొటోల్లో మాత్రం అదంతా ఒక తెల్లటి ముద్దలాగే కనిపించేది. అందుకని భీమవరంలో గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక స్టూడియోను ఆషాఢంలో నాలుగు గంటలకు మాట్లాడుకున్నాము.

ఆషాఢాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. ఇటువంటి స్టూడియోలకు పెళ్ళికి ముందు తీసే వీడియోలు, పసిపిల్లల ఫొటోలే ప్రధానమైన బేరం కనుక ముహూర్తాలున్న మాసాల్లో ఒక పూట దొరకడమే కష్టం. గంటకు 800 రూపాయలు చెప్పిన యజమాని, శూన్యమాసంలో, అదీ వారం మధ్యలో ఉదయం పూట వస్తామనేసరికి 600కు ఒప్పుకున్నారు. మేడ మీద విశాలమైన హాలు, 9 అడుగుల వెడల్పున్న కాగితపు బ్యాక్‌డ్రాప్‌లు నాలుగు రంగుల్లో, వెలుగును మెత్తబరిచే గుడ్డ పెట్టెలతో (సాఫ్ట్‌బాక్స్‌లు) రెండు స్టూడియో ఫ్లాష్‌లు, రెండు ఎల్‌ఈడీ ప్యానెళ్ళు, బట్టలు మార్చుకునే గది ఉన్నాయి. కెమెరా, ట్రైపాడ్, ఫ్లాష్‌ను వెలిగించే ట్రిగ్గర్ మనమే తెచ్చుకోవాలి. ఒక కంపెనీ ట్రిగ్గర్ మరో కంపెనీ ఫ్లాష్‌తో సాధారణంగా పనిచేయదు కాబట్టి, అక్కడున్న ఫ్లాష్ ఏ కంపెనీదో ముందుగానే ఫోనులో కనుక్కోవాలి.

గుమ్మంలో కాలు పెట్టినప్పటి నుంచి అద్దె లెక్క మొదలవుతుంది. లైట్లు నిలబెట్టే సమయం, చివర సర్దుకునే సమయం కూడా ఆ నాలుగు గంటల్లోనివే. నేను మొదట రాసుకున్న జాబితా వస్తువుల వారీగా ఉంది: టేబుల్ క్లాత్‌కు మూడు ఫొటోలు, దిండు గలీబుకు రెండు, అలా. ఫొటోలు తీయడానికి వచ్చిన మా పెదనాన్నగారి అబ్బాయి, అంటే మా అన్నయ్య, ముందు రోజు రాత్రి దాన్ని మొత్తం తిరగరాయించారు. వస్తువు మారినప్పుడల్లా లైటును, బ్యాక్‌డ్రాప్‌ను మారుస్తూ పోతే ప్రతి మార్పుకూ పది నిమిషాలు పోతాయని, ఒకే లైటు కింద తీయవలసినవన్నీ వరుసగా తీసేసి ఆ తరువాతే లైటును కదపాలని ఆయన పద్ధతి. అలా పద్దెనిమిది వస్తువులకు లైటు అమరిక మూడుసార్లే మారింది. లేసులన్నింటినీ ముందు రోజే గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడత పడకుండా అట్టల మీద పరిచి తీసుకెళ్ళాము; ఆ పని స్టూడియోలో పెట్టుకుని ఉంటే ఒక గంట అక్కడే పోయేది.

స్టూడియో విలువ నాకు నిజంగా తెలిసింది దగ్గరి ఫొటోల దగ్గరే. తెల్ల కాగితం మీద తెల్ల లేసును పెట్టి ఎదురుగా ఫ్లాష్ వేస్తే అల్లిక కంటికి ఆనదు. అన్నయ్య ముదురు నీలం గుడ్డ పరిచి, ఒక్క ఫ్లాష్‌ను మాత్రమే ఎడమ పక్కన, దాదాపు బల్ల ఎత్తుకు దించి, వెలుగు గుడ్డను ఒరుసుకుంటూ పోయేలా పెట్టారు. ఒక్కసారిగా ప్రతి ముడికీ సన్నని నీడ పడింది. పువ్వు రేకుల అంచున దారం రెండు వరుసలుగా తిరిగిన తీరు కూడా లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా కనిపించింది. కుడివైపు నీడలు మరీ నల్లబడకుండా ఒక తెల్ల థర్మకోల్ షీటు నిలబెట్టడంతో సరిపోయింది. కెమెరాను ఆటో మోడ్‌లో ఉంచితే ముదురు గుడ్డను చూసి వెలుతురు చాలలేదనుకుని లేసును తెల్లగా కాల్చేస్తుంది కనుక, అన్నీ చేత్తోనే అమర్చి, తెలుపులో వివరం పోలేదని, ఫొటోలో వెలుగునీడలు ఎంతెంత ఉన్నాయో కెమెరా చూపించే హిస్టోగ్రామ్ అనే గ్రాఫులో చూసుకున్న తరువాతే ముందుకు వెళ్ళాము. ఆ ఒక్క ఫొటో కోసమైనా ఇచ్చిన అద్దె గిట్టుబాటయిందని నా అభిప్రాయం.

వీడియోకు మా పిన్నిగారిని కూర్చోబెట్టాము. ఎడమ చూపుడు వేలి మీదుగా దారం జారుతుండగా కుడిచేతి కొక్కెం సూది దాన్ని అందుకుని, మెలిపెట్టి, వెనక్కు లాగే ఆ కదలికను తీయాలని మా కోరిక. ఎల్‌ఈడీ ప్యానెళ్ళ కింద మొదట తెర మీద అడ్డచారలు కదిలాయి. మన దేశపు కరెంటు 50 హెర్ట్జ్‌ది, లైటు కంటికి తెలియకుండా మినుకేది కూడా ఆ లయకు తగ్గట్టే కనుక, షట్టర్ తెరిచి ఉండే సమయాన్ని సెకనులో 50వ వంతుకు మార్చగానే అవి పోయాయి. ఏసీ హోరు మైకులో పడుతోందని ఆపమంటే, అక్కడి కుర్రవాడు "ఆపేస్తానండి, కానీ పది నిమిషాల్లో ఉడికిపోతారండి" అన్నాడు. అతను అన్నట్టే అయింది. అయినా పిన్నిగారు చెమట తుడుచుకుంటూనే మాటలు పూర్తి చేశారు. మాటలు రికార్డు చేసేవారు ఏసీని ముందుగా బాగా చల్లగా పెట్టుకుని, ఆపిన తరువాత చిన్న చిన్న ముక్కలుగా తీసుకోవడం మేలు.

ఫిర్యాదు ఒకటి గట్టిగానే ఉంది. జనరేటర్ ఉందని ఫోనులో చెప్పారు. పదకొండు గంటలకు కరెంటు పోయినప్పుడు తేలిందేమిటంటే, ఉన్నది ఫ్యాన్లకు, ట్యూబ్‌లైట్లకు సరిపోయే ఇన్వర్టర్ మాత్రమే. ఇరవై అయిదు నిమిషాలు పని ఆపుకుని కూర్చున్నాము, ఆ సమయాన్ని బిల్లులోంచి తీసివేయలేదు. అలా చేయడం న్యాయం కాదని యజమానికి మర్యాదగానే చెప్పాము. నేల మీద పరిచిన బ్యాక్‌డ్రాప్ కాగితం మీద చెప్పులతో నడిస్తే మీటరు లెక్కన డబ్బు కట్టాలన్న నిబంధన మాత్రం సబబే, దాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టారు కూడా.

ఇంకొక సంగతి మన వాతావరణానిది. ఏసీ హాలులోంచి కెమెరాను వరండాలోకి తెచ్చి ఒక ఫొటో తీయబోతే లెన్స్ మీద మంచు పట్టినట్టు తేమ కమ్మేసింది. తుడిచినా మళ్ళీ పట్టింది. వానాకాలంలో కెమెరాను సంచిలో బిగించే బయటికి తెచ్చి, అది కాస్త వెచ్చబడిన తరువాతే తెరవాలి.

చిన్న వస్తువులు, తినుబండారాలు, బట్టల దగ్గరి ఫొటోలు తీసుకునేవారికి ఈ స్టూడియోను నేను సిఫారసు చేస్తాను. పది మందితో పెద్ద వీడియో తీసేవారికి, కరెంటు ఏర్పాటు మారేవరకు చేయను. కార్తీకం వెళ్ళాక లేసు కుట్టిన కుర్తీలను మనిషి మీద తీయించవలసి ఉంది; ఆ హాలు, ఆ లైట్లు దానికి సరిపోతాయి కనుక మళ్ళీ అక్కడే అడుగుతాము. జనరేటర్ మాట, కరెంటు పోయిన నిమిషాలకు అద్దె తగ్గిస్తామన్న మాట వాట్సాప్‌లో రాసి పంపిన తరువాతే ఈసారి అడ్వాన్సు ఇస్తామని మా వదిన అప్పుడే ఫోనులో చెప్పేశారు.