జీల్‌ను సోర్స్ నుంచి ఇన్‌స్టాల్ చేసుకున్నాను: మూడేళ్లు వాడాక

పైథాన్ భాష, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ లాంటి వాటి డాక్యుమెంటేషన్ అంతా దించుకుని, నెట్ లేకుండా వెతుక్కునే ప్రోగ్రామ్ జీల్. మ్యాక్ వాళ్లకు డ్యాష్ ఎలాగో లినక్స్, విండోస్ వాళ్లకు ఇది అలాగ. డ్యాష్ డాక్‌సెట్లే (ఒక్కో భాషకో టూల్‌కో సంబంధించిన డాక్యుమెంటేషన్ మూటలు) ఇందులోనూ పనిచేస్తాయి. ఉచితం, జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్.

నా లినక్స్‌లో దొరికే ప్యాకేజీ పాతది కావడంతో గిట్‌హబ్ నుంచి సోర్స్ కోడ్ తెచ్చుకున్నాను. బిల్డ్‌కి కావాల్సినవి సిద్ధం చేసే సీమేక్ అనే టూల్‌తో కాన్ఫిగర్, తర్వాత బిల్డ్ (కోడ్‌ను కంపైల్ చేసి, నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం), చివర్లో సుడోతో, అంటే అడ్మిన్ అనుమతితో, ఇన్‌స్టాల్. చెప్పుకోవడానికి మూడు కమాండ్లే, కానీ మొదటిదాని దగ్గరే నాకు ఒక సాయంత్రం పోయింది. జీల్‌కు కావాల్సిన లిబ్‌ఆర్కైవ్ అనే లైబ్రరీ సిస్టమ్‌లో ఉంది, అయినా సీమేక్ లేదంటుంది! నిజానికి ఉన్నది ప్రోగ్రామ్‌లు నడవడానికి కావాల్సిన లైబ్రరీ మాత్రమే. కంపైల్ చేయాలంటే లైబ్రరీలో ఏమేం ఉన్నాయో కంపైలర్‌కి చెప్పే హెడర్ ఫైళ్లు కావాలి, డెబియన్, ఉబుంటుల్లో అవి పేరు చివర 'డెవ్' అని ఉండే వేరే ప్యాకేజీలో వస్తాయి. వెబ్ పేజీలు చూపించే క్యూటీ వెబ్‌ఇంజన్‌కీ, చిన్న డేటాబేస్ లైబ్రరీ ఎస్‌క్యూలైట్‌కీ ఇదే సంగతి. మీకు 'నాట్ ఫౌండ్' అని వస్తే టెన్షన్ పడకండి, ముందు డెవ్ ప్యాకేజీ ఉందో లేదో చూడండి.

ఆ సాయంత్రం వృథా కాలేదనే అంటాను. ఏ లైబ్రరీ ఎందుకు అడుగుతోందో వెతికితే జీల్ లోపల ఏం జరుగుతుందో అర్థమైంది. డాక్‌సెట్ కంప్రెస్ అయిన ఫైల్‌గా వస్తుంది, దాన్ని విప్పేది లిబ్‌ఆర్కైవ్. లోపలి పేజీలు మామూలు హెచ్‌టీఎంఎల్, చూపించేది వెబ్‌ఇంజన్. పేర్ల సూచిక మాత్రం ఒక చిన్న ఎస్‌క్యూలైట్ ఫైల్. అందుకే అక్షరాలు కొడుతుండగానే ఫలితాలు వచ్చేస్తాయి. 'పైథాన్' అని కొట్టి, కోలన్ పెట్టి, 'ఓపెన్' అంటే ఆ ఒక్క డాక్‌సెట్‌లోనే వెతుకుతుంది. రోజూ నేను ఎక్కువగా వాడేది ఇదే.

ఊరికి వెళ్లినప్పుడు దీని విలువ తెలుస్తుంది. మా ఇంట్లో సిగ్నల్ డాబా మీదే వస్తుంది. కింద వరండాలో కూర్చుని రెండు రోజులు పని చేశాను, ఒక్క పేజీ కోసం కూడా పైకి ఎక్కలేదు.

ఒక జాగ్రత్త. సోర్స్ నుంచి పెట్టుకున్నదాన్ని సిస్టమ్ అప్‌డేట్ పట్టించుకోదు. ఒకసారి లినక్స్ కొత్త వెర్షన్‌కి మారాక నా జీల్ తెరుచుకోలేదు, క్యూటీ లైబ్రరీలు మారిపోయాయి. బిల్డ్ ఫోల్డర్ తీసేసి మళ్లీ కంపైల్ చేశాను. డాక్‌సెట్లు హోమ్ ఫోల్డర్‌లో వేరేగా ఉంటాయి కాబట్టి వాటిని మళ్లీ దించాల్సిన పని పడలేదు. అందుకే సోర్స్ ఫోల్డర్ ఎప్పుడూ డిలీట్ చేయను.