నాలుగు వానకాలాలు సైకిల్ గుంటుక వాడాక

చండూరు దగ్గర మాది 3 ఎకరాల పత్తి, రెండెకరాలు ఎర్ర చెల్క, ఒకెకరం నల్లరేగడి. సైకిల్ గుంటుక, అంటే ముందు చక్రం, కింద కలుపు కోసే ఇనుప పాస (బ్లేడు) ఉండి నిలబడి చేత్తో తోసే పనిముట్టు, కొన్నాక ఇది నాలుగో వానకాలం. అంతకుముందు కుర్పీ పట్టుకుని గొంతుక్కూర్చుని కలుపు తీస్తే సాయంత్రానికి మోకాళ్లు పట్టేసేవి, నేల మీద చెయ్యి ఆనిస్తే గాని లేవలేకపోయేదాన్ని. ఇప్పుడు నిలబడి చేస్తున్నాను, ఈ ఒక్కదానికే పెట్టిన డబ్బులు వచ్చినట్టు.

కానీ మొదటి ఏడు దాన్ని ఎంత తిట్టుకున్నానో! నేను ఐదడుగులుంటాను, పిడి ఛాతీ దాకా వచ్చింది. అంత ఎత్తున పట్టుకుని తోస్తే బరువంతా భుజాల మీదే, ఒంటి బలం కిందికి దిగదు, పాస పైపైన జారిపోతుంది. వారానికే మెడ తిప్పలేకపోయాను. అమ్మినాయన్ని అడిగితే అందరికీ ఒకటే సైజు అన్నాడు. ఆ సైజు మగవాళ్ల ఎత్తుకు చేసింది, పత్తిలో కలుపు తీసేదేమో ఆడవాళ్లం.

"కమ్మరాయన దగ్గరికి తీస్కపో బిడ్డా, నీ నడుముకు సరిపోయేటట్టు కోయించు" అంది మా అత్తమ్మ. ఆయన పైపు జానెడు కోసి, 4 బెజ్జాలు వేసి బోల్టు బిగించాడు. ఇప్పుడు పిడి బొడ్డుకు కొంచెం పైన ఉంటుంది, మోచేతులు ఒంటికి ఆనుకునే ఉంటాయి. బెజ్జం మార్చుకుని మా వదిన కూడా వాడుతుంది, ఆమె నాకంటే పొడుగు. చెమటకు పైపు జారి పొక్కులొస్తుంటే పాత సైకిల్ ట్యూబు చుట్టాను. మరీ లావుగా చుట్టకండి, పట్టుకుంటే వేళ్లు బొటనవేలికి తగలాలి.

9 అంగుళాల పాస తీసేసి 6 అంగుళాలది వేయించాను. సాలులో ఎక్కువసార్లు తిరగాలి, అయినా అలుపు తక్కువ. చెల్కలో పదునుంటే ముందుకు తోసి వెనక్కి లాగుతూ రోజుకు అరెకరం అవుతుంది. రేగడిలో వాన వెలిసిన మర్నాడే దింపితే చక్రానికి మట్టి పట్టి కదలదు, రెండు మూడు రోజులు ఆగాలి. గరిక, తుంగ ముదిరితే మాత్రం దీనితో కాదు, పైన తెగి మళ్లీ మొలుస్తాయి. మొక్క మొదట్లోది ఎలాగూ చేత్తోనే పీకాలి.

నాది ఒంటి చక్రం, పక్కకు ఒరిగినప్పుడల్లా మణికట్టుతో ఆపాలి. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ చేసిన రకానికి రెండు చక్రాలుంటాయి, మళ్లీ కొంటే అదే తీసుకుంటాను. మీరు కొనేటట్టయితే దుకాణంలోనే పట్టుకుని నాలుగడుగులు తోసి చూడండి, పిడి మోచేతి కంటే పైకొస్తే బెజ్జాలున్నది అడగండి.