డౌరో లోయలో హద్దురాళ్ల వెంట: బస, బండి, భోజనం

పోర్చుగల్‌లో డౌరో లోయకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది వైన్ రుచి చూసి, పడవెక్కి, ఫోటోలు దిగి తిరిగొస్తారు. మా ఆయనకూ అంతే చాలు. నాకు మాత్రం అక్కడి గ్రానైట్ హద్దురాళ్లు చూడాలని ఉండేది.

1756లో అక్కడి ప్రభుత్వం (తర్వాత మార్క్విస్ ఆఫ్ పొంబల్ అనే బిరుదు పొందిన మంత్రి నడిపించిందే) డౌరో వైన్ వ్యాపారం మీద అజమాయిషీకి ఒక కంపెనీ పెట్టింది. ఇంగ్లండుకు పోయే పోర్ట్ వైన్‌లో (ఈ లోయలో పుట్టే ఘాటైన తీపి వైన్) ఎల్డర్‌బెర్రీ రసం లాంటివి కలిపి రంగు తెప్పించడం, ధరలు పడిపోవడం అప్పటి గొడవ. అందుకని మంచి వైన్ పండే నేలకు గీత గీసి, 1757-58లో 201 రాళ్లు పాతారు. 1761లో ఇంకో 134 కలిపారు, మొత్తం 335. వాటి మీద ‘ఫెయిటోరియా’ (ఎగుమతికి తగిన మేలిరకం వైన్‌కి అప్పటి పేరు) అనే మాట, సంవత్సరం చెక్కి ఉంటాయి. గీత లోపలి సరుక్కి ఎగుమతి, మంచి ధర. మిగతాది దేశంలోనే చవగ్గా అమ్ముకోవాలి. మన ఊళ్లలో జానెడు గట్టు జరిపితేనే కోర్టుకెక్కుతారు, ఇక్కడ రాయి ఏ పక్కన పడితే ఆ ఇంటి రాబడి అటు! దీని మీద ఎన్ని తగాదాలు నడిచాయో ఊహించుకోవచ్చు.

బస విషయానికొస్తే, అందరూ పిన్యావ్ అంటారు. ఊరు చిన్నది, నది ఒడ్డునే, రైల్వే స్టేషన్ గోడల మీద ద్రాక్ష కోతల నీలి పలకల బొమ్మలు నిజంగానే బాగుంటాయి. కానీ మేం తీసుకున్న గదికి నది కనిపిస్తుందని ఎక్కువ పుచ్చుకున్నారు. కనిపించింది, నిజమే, పార్కింగ్ మీదుగా. ఏసీ రాత్రంతా రొద. రాళ్లు చూడాలనుకునేవాళ్లు రెగ్వాలో దిగడం మేలు. ఊరికి పెద్ద అందం లేదు, కానీ గదులు చవక, సూపర్‌మార్కెట్లు ఉన్నాయి, కారు దొరుకుతుంది. పైగా డౌరో మ్యూజియం అక్కడే, ఆ పాత కంపెనీ భవనంలోనే ఉంది. ముందు అది చూసి కొండెక్కితే గీత ఎందుకు గీశారో బుర్రకెక్కుతుంది. మ్యూజియానికి పూట కేటాయించండి.

రాళ్ల కోసం బస్సుల మీద ఆధారపడకండి. ఒక టూర్ వాళ్లని అడిగితే ‘మా ప్రోగ్రామ్‌లో లేవు’ అని, నాలుగో గ్లాసు వైన్ ఇస్తామన్నారు. కారు తీసుకుని పిన్యావ్ పైన ప్రొవెజెండ్ అనే పల్లె వైపు వెళ్లాం. దారి ఇరుకు, మలుపులు, ఎదురుగా ట్రాక్టరొస్తే టెన్షన్. చుట్టూ మట్టిరంగు పలకరాయి మెట్లు, గోడలు. వాటి మధ్య బూడిద తెలుపు గ్రానైట్ నిలబడితే దూరం నుంచే తెలిసిపోతుంది. అక్షరాలు కొంత అరిగాయి గానీ వేలితో తడిమితే చదవొచ్చు. ప్రభుత్వం 1940లలోనే చాలా రాళ్లను రక్షిత కట్టడాలుగా ప్రకటించింది. అయినా కొన్నిటికే బోర్డులు కనిపించాయి. కొన్ని తోటల లోపల ఉంటాయి, అడగకుండా దూరకండి. మేం అడిగిన చోట ఒక పెద్దాయన తనే వెంట వచ్చి చూపించారు, డబ్బిస్తే తీసుకోలేదు.

శాకాహారులకు తిండి కాస్త కష్టం. కాల్దో వెర్ద్ అనే ఆకుకూర సూప్‌లో సాసేజ్ ముక్క వేసిస్తారు, వద్దని ముందే చెప్పాలి. ఆమ్లెట్, రొట్టె, ఆలివ్‌లు, చీజ్‌తో గడిచింది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటితే రాత్రి 7 దాకా వంటిళ్లు మూసేస్తారు, బ్యాగులో ఏదైనా ఉంచుకోండి.

పోర్టో నగరం నుంచి రైలు చాలు, రెగ్వాకు రెండు గంటలు. వెళ్లేటప్పుడు కుడివైపు కూర్చోండి, నది అటే ఉంటుంది. సెప్టెంబరు కోతల్లో సందడి బాగుంటుంది గానీ గదుల ధరలు మండిపోతాయి. జులై, ఆగస్టుల్లో ఎండ మన ఎండాకాలానికి తీసిపోదు. నన్నడిగితే మే నెల మేలు, పడవ షికారు మానేసినా ఫర్వాలేదు.