ప్రింటర్ కార్ట్రిడ్జ్‌లో (ఇంకు డబ్బాలో) ఇంట్లోనే ఇంకు నింపుకోవడమా, కొత్త కార్ట్రిడ్జ్ కొనడమా?

ఖర్చు ఒక్కటే లెక్కయితే వాదనే లేదు, సిరంజితో నింపుకోవడమే చవక. కొత్త కార్ట్రిడ్జ్‌లో ఉండేది చాలాసార్లు కొద్ది మిల్లీలీటర్ల ఇంకే.

అసలు చిక్కు ప్రింట్ హెడ్ దగ్గర, అంటే కాగితంపై ఇంకు చుక్కలు వదిలే భాగం దగ్గర. కొన్ని ప్రింటర్లలో అది కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. థర్మల్ రకంలో సన్నని హీటర్ ఇంకును క్షణంలో మరిగిస్తే, పుట్టిన బుడగ చుక్కను బయటికి నెడుతుంది. ఇంకు అయిపోయాక కూడా ముద్రిస్తూ పోతే వేడిని లాక్కునే ద్రవం లేక హీటర్ మాడిపోవచ్చు. ఆ తర్వాత ఎంత నింపినా దండగే. కాబట్టి అక్షరాలు పలచబడగానే నింపాలి. లోపల స్పాంజి ఉంటే మెల్లగా ఎక్కించాలి. తొందరపడితే గాలి చిక్కుకుని కాగితంపై తెల్ల గీతలు వస్తాయి. డై ఇంకు (రంగు పూర్తిగా కరిగి ఉండేది) వాడే కార్ట్రిడ్జ్‌లో పిగ్మెంట్ ఇంకు (రంగు సన్నని రేణువులుగా ఉండేది) పోస్తే నాజిళ్లు, అంటే ఇంకు బయటికొచ్చే సన్నని రంధ్రాలు, పూడుకుపోవచ్చు. వేళ్లకు రంగు అంటడం సరేసరి.

కొత్తదానికి ఈ తంటాలేవీ లేవు. హెడ్ కలిసిన రకమైతే నాజిళ్లూ కొత్తవే వస్తాయి. ఫొటోలకు, ఏళ్ల తరబడి దాచాల్సిన పత్రాలకు నా ఓటు దీనికే. మామూలు కాగితాలకు మాత్రం నింపుకోవడమే మేలు, కార్ట్రిడ్జ్‌పై ఇంకు లెక్క చూసే చిప్ అడ్డుపడకపోతే! నింపిన తర్వాత కూడా కొన్ని చిప్‌లు ఖాళీ అనే చూపిస్తాయి. ఆ హెచ్చరికను కొన్ని ప్రింటర్లలో దాటేయవచ్చు, కొన్ని అసలు ఒప్పుకోవు.

ఎప్పుడో ఒక పేజీ ముద్రించేవారికి రెండూ కలిసిరావు. వాడకపోతే ఏ ఇంకైనా నాజిళ్లలో ఎండిపోతుంది.