సౌర తుపాను బొమ్మ: రంగు మారే పూసలా, ఇనుప రజనా?

అనంతపురం అంగన్‌వాడీ పిల్లలకు సౌర తుపాను గురించి చెప్పే బొమ్మ చేయాలంటే నాకు రెండు దారులు కనబడ్డాయి.

ఎండకు రంగు మారే పూసల దండ చవక. మన ఎండలో పెడితే తెల్లపూస చూస్తుండగానే ఊదారంగుకు తిరుగుతుంది. కానీ అది పట్టేది రోజూ వచ్చే అతినీలలోహిత కిరణాలనే. తుపాను వేరు: సూర్యుడు ఎగజిమ్మిన విద్యుదావేశ కణాలు సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో మన దాకా వస్తాయి.

రెండోది, గట్టిగా మూసిన పారదర్శక పెట్టెలో నూనె, ఇనుప రజను. అడుగున భూమి బొమ్మ, దాని కింద చెక్కలో అయస్కాంతం. ఊపితే రజను చెదిరి, మెల్లగా మళ్లీ వంపులు తిరిగి నిలుస్తుంది. భూమి చుట్టూ ఉన్న అయస్కాంత కవచం పిల్లల కంటికి ఆనుతుంది. 2024 మేలో సౌర తుపాను తాకిడికి ఆ కవచం అదిరినప్పుడే లద్దాఖ్‌లోని హాన్లే ఆకాశం ఎర్రబడింది.

నేను దీనివైపే. అయస్కాంతాలు మింగితే పేగులకు ప్రమాదం, అందుకే చెక్కలోంచి ఊడిరాకుండా బిగించాలి.