ఆర్ట్స్ కాలేజీకి వెళ్తే గోడను తడిమి చూడండి

మా నాయన రాళ్లు కొట్టేవాడు. అందుకే ఏ రాతి కట్టడం దగ్గరికి వెళ్లినా నా చూపు ముందు అతుకుల మీదికే పోతుంది. హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆర్ట్స్ కాలేజీలో ఎంఏ తెలుగు చదివిన రెండేళ్లూ ఆ మెట్లు ఎక్కి దిగాను. పోయిన నెల మా అమ్మాయిని వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాను. చూడాలనుకునేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఆర్ట్స్ కాలేజీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు దిగి నడుచుకుంటూ వెళ్లాం. చాలామంది మెట్ల మీద ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. మీరు అలా వచ్చేయకండి. గోడ దగ్గరికి వెళ్లి అరచేయి ఆనించండి. దూరం నుంచి లేత గులాబీ రంగులో కనిపించేది గ్రానైట్. దగ్గరికెళితే గులాబీ, బూడిద, నలుపు పలుకులు విడివిడిగా కనిపిస్తాయి. మేం వెళ్లిన రోజు చిన్న జల్లు పడింది. తడిసిన చోటల్లా రంగు ముదిరి, గోడ అప్పుడే కడిగినట్టు ఉంది. గ్రానైట్ మొండి రాయి. దాన్ని చెక్కుతుంటే ఉలి మొన ఊరికే అరిగిపోతుంది. మళ్లీ కొలిమిలో పెట్టి మొన తీయాల్సిందే, చిన్నప్పుడు మా ఇంటి ముందు రోజూ జరిగే పని అది. అలాంటి రాయితో అంచులు ఇంత నిక్కచ్చిగా తీసిన చేతులకు దండం పెట్టాలి.

విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. ఉర్దూలో ఉన్నత చదువులు చెప్పాలన్నది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ సంకల్పం. ఈ భవనం మాత్రం చాలా ఏళ్ల తర్వాత వచ్చింది. ముందు జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు వాస్తుశిల్పులను విదేశాల్లోని విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. నమూనా గీసింది బెల్జియంకు చెందిన ఎర్నెస్ట్ జాస్పర్, అంతకుముందు కైరో దగ్గర హీలియోపోలిస్‌లో పనిచేసినవాడు. 1934లో శంకుస్థాపన, 1939 డిసెంబర్ 4న ప్రారంభం.

నాకు అన్నిటికన్నా నచ్చేది ముఖద్వారం. మనిషి చీమంత అయిపోయే ఎత్తున కమాను, చూడగానే మసీదు గుర్తొస్తుంది. కాస్త తల తిప్పి స్తంభాలను చూస్తే అజంతా, ఎల్లోరా గుహల్లో ఉన్నట్టుంటుంది. రెండూ ఒకే రాయి, ఒకే రంగు కాబట్టి ఎక్కడా అతికించినట్టు అనిపించదు. లోపల గుమ్మటం కింద నిలబడి ఒక్కసారి పైకి చూడండి. తరగతులు జరుగుతుంటాయి, గట్టిగా మాట్లాడకండి.

1969లోనూ, 2009లోనూ తెలంగాణ కోసం విద్యార్థులు గొంతెత్తింది ఈ ప్రాంగణంలోనే. ఆ కథ మా అమ్మాయికి మెట్ల మీద కూర్చునే చెప్పాను. ఎండాకాలం మధ్యాహ్నం అయితే రాయి కాలిపోతుంది, సాయంత్రం వెళ్లండి.

బయల్దేరేముందు మా అమ్మాయి రెండు రాళ్ల మధ్య గోరు దూర్చి చూసింది. దూరలేదు. "తాతయ్య ఇట్లా కట్టేవాడా?" అని అడిగింది. ఇట్లాంటి పని చూపించడానికే ఒకసారి నన్ను భుజాన వేసుకుని ఇక్కడికి తీసుకొచ్చాడని చెప్పాను.