ఆస్ట్రేలియా: రాజా, అధ్యక్షుడా?

బ్రిటన్ రాజే ఆస్ట్రేలియాకూ రాజు, ఆయన ఉండేది లండన్‌లో. ఆయన తరఫున సంతకాలు పెట్టేది కాన్‌బెర్రాలోని గవర్నర్ జనరల్. ఆ పదవికి పేరు సిఫారసు చేసేదేమో ప్రధానమంత్రే. నడుస్తున్న బండిని ఆపడమెందుకు అంటారు రాచరికం వైపువాళ్లు. కానీ 1975లో గవర్నర్ జనరల్ జాన్ కెర్, ఎన్నికైన ప్రధాని విట్లమ్‌నే పదవి నుంచి తప్పించారు. ఉత్సవ విగ్రహం ఒక్కసారిగా కదిలిందన్నమాట!

గణతంత్రమైతే దేశాధినేత స్వదేశీయులే. చిక్కల్లా ఎవరు ఎన్నుకోవాలన్న దగ్గరే. 1999లో జరిగిన రెఫరెండంలో (ప్రజల ఓటింగ్‌లో), పార్లమెంటు మూడింట రెండొంతుల మెజారిటీతో ఆమోదించే అధ్యక్షుణ్ణి ప్రతిపాదించారు. జనమే నేరుగా ఎన్నుకోవాలన్న గణతంత్రవాదులు కొందరు దానికి ఎదురు తిరిగారు. దాదాపు 55 శాతం వద్దన్నారు, ఆరు రాష్ట్రాల్లోనూ ఓటమే.

నా మొగ్గు గణతంత్రానికే. అయితే కెర్ వాడిన అధికారాలకు ముందు హద్దులు రాసుకోవాలి.